వార్డు కమిటీల్లో బస్సెక్కేవాళ్లు ఎంతమంది? (వరంగల్, హన్మకొండ, కాజీపేట రోడ్లు, బస్సుల చర్చ)

నైట్‌డ్యూటీ అక్క · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఒక ఆస్పత్రిలో నర్సుగా చేస్తాను. ఇల్లు వరంగల్ స్టేషన్‌కు అవతల, అండర్ బ్రిడ్జి దాటాక. పద్నాలుగేళ్ల నుంచి డ్యూటీకి బస్సులోనో, షేర్ ఆటోలోనో, లేకపోతే నడిచో పోతున్నా. ఇంట్లో ఒకటే బండి, అది మా ఆయన పనికి పోతుంది.

పోయిన నెల మా రోడ్డు మీద మోరీ (మురుగు కాలువ) పని మొదలుపెట్టారు. సరిగ్గా బస్సు ఆగే చోటే తవ్వారు. ఆ రోజు నైట్ డ్యూటీకి బయలుదేరి వచ్చేసరికి బస్సు అక్కడ ఆగట్లేదు, ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డు లేదు. నాతో పాటు ఇద్దరు ముసలివాళ్లు, ఒక బాలింత. గుంతల పక్కన నిలబడి చెయ్యి ఊపితే రెండు బస్సులు ఆగకుండానే పోయాయి. డ్రైవర్‌ను అనలేను, ఆపడానికి జాగా ఎక్కడుంది?

ఇంకో సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నా. మా డివిజన్ మహిళల వార్డు కమిటీలో నా పేరుంది. కమిటీ వేసినప్పుడు ఫొటో, ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. తర్వాత ఒక్కసారి పిలిచారు, టీ ఇచ్చారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టించారు. ఈ మోరీ పని గురించి నాకు ముందే తెలిస్తే బస్టాపు సంగతి ఒక్క మాట చెప్పేదాన్ని కదా. సభ్యురాలినై ఉండి తవ్వాక తెలుసుకోవడం నాకు చాలా బాధనిపించింది.

అడిగేది ఇదే. ఈ కమిటీలకు నిజంగా ఏం అధికారం ఉంది? రోడ్డు పని ఎస్టిమేట్ వేసే ముందే మాలాంటి వాళ్ల మాట వినేటట్టు ఎట్లా చేయాలి?

మడికొండ సార్ · ఆదివారం రాత్రి 9:48

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. నేను రిటైర్డ్ సాంఘిక శాస్త్రం టీచర్‌ని. చట్టం సంగతి వరకు చెప్తాను.

2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. యువతది ఒకటి, మహిళలది ఒకటి, వృద్ధులది ఒకటి, ప్రముఖ పౌరులది ఒకటి. ఒక్కో కమిటీలో 15 మంది. మూడు నెలలకొకసారి కూర్చోవాలి. మన కార్పొరేషన్‌లో 66 డివిజన్లు, అంటే వార్డులు, ఉన్నాయి. ఒక్కో డివిజన్‌కు 60 మంది, అంటే నగరం మొత్తానికి 3,960 మంది. అంతమందిలో బస్సెక్కేవాళ్లు ఇంతమంది ఉండాలని, నడిచేవాళ్లు ఇంతమంది ఉండాలని ఎక్కడా లేదు. వయసు చూశారు, ఆడవాళ్లా మగవాళ్లా అని చూశారు, హోదా చూశారు. రోడ్డును ఎవరు ఎట్లా వాడుకుంటున్నారో మాత్రం చూడలేదు.

ఇవి కాక కౌన్సిల్‌లో కో-ఆప్షన్ సభ్యులు, అంటే కౌన్సిల్ తనే చేర్చుకునే సభ్యులు ఉంటారు. మునిసిపల్ పాలనలో అనుభవం ఉన్నవాళ్లు, మైనారిటీలు అని ఆ సీట్లకు అర్హత రాశారు. ఓటు హక్కు లేకపోయినా కౌన్సిల్‌లో కూర్చుంటారు, మాట్లాడతారు. ఆ కుర్చీ విలువ తక్కువేం కాదు. రవాణా తెలిసిన మనిషిని అక్కడ కూర్చోబెట్టాలని మనం ఎప్పుడైనా అడిగామా?

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలోనే మూడు లక్షలు దాటిన పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలని రాశారు. అంటే ఈ హక్కుకు ముప్పై ఏళ్లు దాటాయి. కొత్తగా ఎవరో దయతో ఇచ్చింది కాదు.

ఆటో తమ్ముడు_కాజీపేట · ఆదివారం రాత్రి 10:15

అక్కా, నాది షేర్ ఆటో. కాజీపేట నుంచి హన్మకొండ, ఒక్కోసారి ఎంజీఎం ఆస్పత్రి దాకా. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఫ్రీ బస్సు మొదలైనప్పటి నుంచి మా సంపాదన బాగా పడిపోయింది. ఫ్రీ బస్సు తీసేయమని నేను ఎన్నడూ అనను. మా అమ్మ, మా చెల్లె అదే బస్సులో పోతారు. మాట్లాడే చోట మమ్మల్ని కూడా కూర్చోబెట్టమని అడుగుతున్నా, అంతే.

కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా షేర్ ఆటో న్యాయంగా ఆగడానికి ఒక్క జాగా చూపించండి. ఫాతిమానగర్‌లో ఆగితే చలానా, అదాలత్ దగ్గర ఆగితే చలానా. ఆగకపోతే ప్యాసింజర్ ఎక్కడ దిగాలి? రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా డివైడర్ వస్తుంది, లైట్లు వస్తాయి, పూలకుండీలు వస్తాయి. మూడు ఆటోలు నిలబడే జాగా మాత్రం రాదు. బస్సు ముందు మేము ఆగుతున్నామని డ్రైవరన్నలు తిడతారు, వాళ్ల బాధ కూడా నిజమే. జాగా గీసిస్తే ఈ లొల్లి సగం తగ్గుతుంది.

పాత ఏఈ · ఆదివారం రాత్రి 10:52

మునిసిపల్ ఇంజినీరింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి దిగాను. వరంగల్‌లో కాదు, పక్క జిల్లాల్లో. పద్ధతి ఎక్కడైనా ఒకటే.

నర్సమ్మ గారూ, ఒక రోడ్డు పని ఎట్లా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ అడ్డుకొని అడగాలో తెలుస్తుంది. ముందు కార్పొరేటర్ గానీ ఎమ్మెల్యే గానీ ప్రతిపాదన పెడతారు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్, వచ్చి కొలతలు తీసుకొని ఎస్టిమేట్ వేస్తాడు. దానికి పరిపాలనా అనుమతి, తర్వాత సాంకేతిక అనుమతి. ఆ తర్వాత టెండర్, అగ్రిమెంట్, పని, కొలతల రిజిస్టర్ ఎం.బుక్‌లో కొలతలు, బిల్లు. మీ మాట చెల్లేది ఏఈ టేపు పట్టుకొని వచ్చిన రోజే. టెండర్ అయ్యాక బస్టాపు జరపమన్నా, ర్యాంపు పెట్టమన్నా అది 'అదనపు పని' అవుతుంది. దానికి మళ్లీ ఫైలు నడవాలి. ఏ ఇంజినీరూ ఆ తలనొప్పి కోరి తెచ్చుకోడు. కమిటీని శంకుస్థాపన కొబ్బరికాయ రోజు పిలిస్తే ఏం లాభం? టేపు రోజు పిలవాలి.

రెండో మాట పనుల వరస గురించి. 2024 నవంబర్‌లో వరంగల్ భూగర్భ డ్రైనేజీకి 4,170 కోట్ల రూపాయలకు ప్రభుత్వం అనుమతిచ్చింది. అది మొత్తం నగరాన్ని తవ్వే పని. మురుగు పైపు వాలు మీద దానంతట అదే పారాలి కాబట్టి అన్నిటికంటే లోతున పడుతుంది. దాని తర్వాతే తాగునీటి పైపు, కేబుళ్లు, వాననీటి కాలువ. రోడ్డు అన్నిటికంటే ఆఖరు. ఈ వరస తప్పి ఈ సంవత్సరం తారు వేసి, వచ్చే సంవత్సరం తవ్వి, ఆ పై సంవత్సరం ప్యాచ్ వేస్తే డబ్బు మూడుసార్లు పోతుంది, రోడ్డు మాత్రం బాగుపడదు. తవ్విన కందకాన్ని పొరలు పొరలుగా పూడ్చి, తడిపి, ప్రతి పొరనూ దిమ్మిస చేయాలి. మట్టి మొత్తం ఒకేసారి పోసి పైన తారు పూస్తే మొదటి వానకే కుంగుతుంది. మీరందరూ చూసే పొడుగాటి గుంతలు చాలావరకు పాత కందకాలే.

కాబట్టి మీ కమిటీలో మొదట అడగాల్సింది రోడ్డు కాదు. 'మా గల్లీకి డ్రైనేజీ పైపు ఎప్పుడు వస్తుంది?' అని అడగండి. ఆ తేదీ తెలియకుండా సీసీ రోడ్డు కావాలని పట్టుబట్టకండి.

నయీంనగర్ కిరాణం · ఆదివారం రాత్రి 11:20

ఏఈ సార్ మాటకు నేను సాక్ష్యం చెప్తా. 2023 జులై వానలకు మా వైపు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇప్పటికీ గోడ మీద గీత ఉంది. అదే నెలలో భద్రకాళి చెరువు కట్ట పోతన నగర్ దగ్గర తెగింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత మా నాలా మీద పాత బ్రిడ్జి కూలగొట్టి కొత్తది కట్టారు. కట్టాలి, కాదనను. ఆ నెలల్లో కరీంనగర్ వైపు పోయే బండ్లన్నీ గల్లీల్లోంచి తిరిగాయి. నా షాపుకు సగం గిరాకీ పోయింది. బడి పిల్లలు బస్సు కోసం ఎంత దూరం నడిచారో లెక్క లేదు. బ్రిడ్జి ఎస్టిమేట్‌లో సిమెంటు, ఇనుము అంతా ఉంటుంది. పని జరిగినన్నాళ్లు మనుషులు ఎటు పోవాలనే లెక్క కూడా అందులోనే ఉండాలి.

ఒక్క మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ఫుట్‌పాత్ అనగానే అందరూ మా షాపుల మీద పడతారు. షాపు ముందు రెండడుగులు నేను వాడుకుంటున్నానంటే, అక్కడ మోరీ మీద బండలు నేను వేయించుకున్నా కాబట్టే. లేకపోతే అక్కడ నడవడానికి ఏమీ ఉండదు.

కేయూ సివిల్ · సోమవారం ఉదయం 6:40

అన్నా, మీ కష్టం అర్థమవుతుంది. కానీ ఆ రెండడుగులు నడిచేవాళ్లవి. నేను సివిల్ చివరి సంవత్సరం. మా ప్రాజెక్టు కోసం యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు నుంచి హన్మకొండ చౌరస్తా వైపు ఫుట్‌పాత్ కొలిచాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్సీ) నడకదారి నియమాలు, ఐఆర్సీ 103 ప్రకారం ఇళ్లున్న చోట కూడా అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే ఒక జానెడు కంటే తక్కువ. మేము కొలిచిన చాలా చోట్ల అంచు మోకాలి దాకా వచ్చింది. మోరీ మీద స్లాబు ఎత్తుగా వేసి దాన్నే ఫుట్‌పాత్ అన్నారు. ముసలివాళ్లు దాన్ని ఎక్కలేక రోడ్డు మీద నడుస్తున్నారు, వెనకనుంచి బండ్లు వస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, చెట్టు, ఫ్లెక్సీ, అన్నీ ఆ ఫుట్‌పాత్ మీదే.

ఇంకొకటి అడగాలని ఉంది. మెట్రో నియో సంగతి ఏమైంది? కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా సుమారు 15 కిలోమీటర్లు, రబ్బరు చక్రాల బండి పైన కరెంటు తీగతో నడుస్తుందని నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు విన్నా. అది వస్తే ఈ బాధలు పోతాయి కదా?

రిటైర్డ్ కండక్టర్ · సోమవారం ఉదయం 8:05

తమ్ముడూ, నేను బస్సు మెట్ల మీద 29 ఏళ్లు నిలబడ్డా. మెట్రో వస్తే సంతోషమే. కానీ మెట్రో దిగినవాడు ఇంటికి నడిచే పోవాలి, లేకపోతే ఇంకో బస్సెక్కాలి. ఆ నడిచే దారి లేకుండా ఏది వచ్చినా ఆడమనిషి రాత్రిపూట అక్కడే నిలబడుతుంది. చేతిలో ఉన్న బస్సును ముందు సరిచేసుకుందాం.

బస్సు రూటు ఎట్లా నిర్ణయమవుతుందో చెప్తా, ఇది బయట ఎవరూ చెప్పరు. డిపోలో చూసేది రెండు లెక్కలు. కిలోమీటర్‌కు ఎంత ఆదాయం వచ్చింది, సీట్లలో ఎన్ని నిండాయి. ఓఆర్ అంటాం దాన్ని. ఒక ట్రిప్పు నెలల తరబడి తక్కువ చూపిస్తే అది ఎత్తేస్తారు, లేదా టైం మారుస్తారు. రాత్రి డ్యూటీకి పోయే పదిమంది నర్సులు, మార్కెట్‌కు తెల్లారకముందే పోయే హమాలీలు, వీళ్ల ట్రిప్పు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఎనుమాముల మార్కెట్ సీజన్‌లో మిర్చి లోడ్లతో పాటు మనుషులు ఎంత కిక్కిరిసి వచ్చేవాళ్లో నాకు తెలుసు. సీజన్ అయిపోగానే అదే ట్రిప్పు ఖాళీ. సంవత్సరం సగటు తీస్తే ఆ రద్దీ కనబడదు.

ఇప్పుడు ఒక మంచి జరిగింది, దాన్ని వాడుకోండి. ఆడవాళ్లకు ఇచ్చే జీరో టికెట్. చాలామంది 'ఫ్రీయే కదా, టికెట్ ఎందుకు' అని తీసుకోరు. అమ్మా, అడిగి తీసుకోండి. టిమ్ మిషన్‌లో టికెట్ కొడితే ఏ స్టేజీలో ఎక్కారో, ఏ స్టేజీలో దిగుతారో పడుతుంది. రేపు మీరు డిపో మేనేజర్ దగ్గరకు పోయి 'మా స్టేజీలో రాత్రి ఎనిమిదిన్నరకు ఇంతమంది ఎక్కుతున్నాం' అంటే ఆయన కంప్యూటర్‌లోనే అది కనబడాలి. టికెట్ తీసుకోకపోతే ఆ లెక్కలో మీరు లేనట్టే.

1950 నాటి ఆర్టీసీ చట్టంలోనే సలహా మండలి అనే మాట ఉంది. రైల్వేలో చూడండి, సికింద్రాబాద్ డివిజన్‌కు ప్రయాణికుల సంప్రదింపుల కమిటీ ఉంటుంది, కాజీపేట గురించి మాట్లాడాలంటే అక్కడ మాట్లాడతారు. సిటీ బస్సుకు అట్లాంటి కుర్చీ ఒకటి ఉండాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అంటున్నా.

చేతికర్ర · సోమవారం ఉదయం 9:30

చిన్నప్పుడు పోలియో వచ్చింది. కర్రతో నడుస్తాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నా.

అందరూ బస్టాపు ఎక్కడ ఉండాలని మాట్లాడుతున్నారు. బస్సు బస్టాపు దగ్గరకు రావడం కూడా అంతే ముఖ్యం. రోడ్డు మధ్యలో ఆపితే నేను రోడ్డు దిగి, రెండు బండ్లను తప్పించుకొని, అంత ఎత్తు మెట్టు ఎక్కాలి. కొందరు డ్రైవర్లు నన్ను చూసి దగ్గరకు తెస్తారు, వాళ్లకు దండం పెడతాను. కానీ ఒకరి మంచితనం మీద ఆధారపడి రోజూ ఆఫీసుకు పోవడం ఎంత టెన్షన్‌గా ఉంటుందో చెప్పలేను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో బస్టాండు, రోడ్డు, బండి మూడూ మాకు అందుబాటులో ఉండాలని ఉంది. పైన నాలుగు వార్డు కమిటీలని చదివాను. యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. నేను ఏ కమిటీలోకి వస్తాను?

మడికొండ సార్ · సోమవారం మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి చాలాసేపు ఆగిపోయాను. నాలుగింటిలో ప్రతిదానిలోనూ ఒక కుర్చీ నీలాంటివాళ్లది కావాలి. చట్టం వద్దనలేదు. పేర్లు రాసేటప్పుడు ఎవరికీ గుర్తు రావట్లేదు, అంతే.

సరిగ్గా రాసిన చట్టం ఒకటుంది, కిరాణం అన్న కూడా వినాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం. దాని కింద పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లను అధికారులు నియమించరు, వ్యాపారులే ఎన్నుకోవాలి. అందులో మూడో వంతు ఆడవాళ్లు. ఎవరి బతుకు ఆ రోడ్డు మీద ఉందో వాళ్లకే కుర్చీ ఇచ్చారు. బస్సు ప్రయాణికుల విషయంలో మనం అడగాల్సింది ఇదే నమూనా.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి జిల్లాను విడగొట్టారు, 2021లో మళ్లీ హద్దులు, పేర్లు మారాయి. ఇప్పుడు మన నగరం రెండు జిల్లాల్లో ఉంది. హన్మకొండ చౌరస్తాలో బస్సెక్కితే పావుగంటలో ఎంజీఎం. ఎక్కింది హన్మకొండ జిల్లా, దిగింది వరంగల్ జిల్లా. ఇద్దరు కలెక్టర్లు, రెండు రోడ్డు భద్రతా కమిటీలు. కార్పొరేషన్ ఒకటే, పోలీస్ కమిషనరేట్ ఒకటే. రోడ్లలో కొన్ని కార్పొరేషన్‌వి, కొన్ని ఆర్ అండ్ బీవి, కొన్ని జాతీయ రహదారులు, మాస్టర్ ప్లాన్ కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థది. బస్సు మాత్రం ఆర్టీసీది. వీళ్లంతా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది, పది లక్షలు దాటిన నగరాలకు ఉమ్మడి రవాణా సంస్థ ఉండాలని. వరంగల్ ఇంకా పెరిగేదాకా ఆగి, అప్పుడు పెట్టుకుంటే లాభం లేదు.

హంటర్ రోడ్ వాసి · సోమవారం సాయంత్రం 5:40

కోపంగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. కమిటీ కమిటీ అని ఎంత అన్నా పేర్లు రాసేది ఎవరు? ఎన్నికల్లో తిరిగినవాళ్లను, వాళ్ల తమ్ముళ్లను రాస్తారు. మా కాలనీ 2020లో మునిగింది, 2023లో మునిగింది. రెండుసార్లూ ఇంట్లో సామాను మేడ మీదికి మోసినవాణ్ణి. కమిటీలో ఉన్నవాళ్లలో మునిగిన గల్లీ మనిషి ఒక్కడు లేడు. పనికొచ్చేది కమిటీ కాదు, కోర్టు.

నైట్‌డ్యూటీ అక్క · సోమవారం సాయంత్రం 6:25

అన్నా, మీ కోపం నాకు అర్థమైంది. నన్ను రాసింది కూడా అట్లాగే, మా ఇంటి ఓనరుకు పరిచయం ఉండి. కానీ ఒకసారి పేరు ఎక్కాక నేను సభ్యురాలినే కదా. నేను అడగలేదు. అది నా తప్పు కూడా. మూడు నెలలకొకసారి కూర్చోవాలని సార్ చెప్పేదాకా నాకు తెలియదు.

పాత ఏఈ · సోమవారం సాయంత్రం 7:50

హంటర్ రోడ్ బాబూ, కోర్టుకు పోవాలన్నా చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం సమాచార హక్కు చట్టం కింద వస్తుంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. మీ డివిజన్ నాలుగు కమిటీల సభ్యుల జాబితా, జరిగిన సమావేశాల తేదీలు, మినిట్స్ నకలు అడగండి. సమావేశమే జరగలేదంటే అదే మీకు ఆధారం. జరిగిందని రాస్తే ఎవరెవరు సంతకం పెట్టారో కనబడుతుంది. రోడ్డు గురించి అడిగితే ఎస్టిమేట్, అగ్రిమెంట్, డిఫెక్ట్ లయబిలిటీ గడువు, ఈ మూడూ పని పేరుతో సహా అడగండి. గడువు లోపల రోడ్డు పాడైతే కాంట్రాక్టర్ తన ఖర్చుతో బాగు చేయాలి. ఆ తేదీ ప్రజలకు తెలియకపోవడం వల్లే మళ్లీ మన డబ్బుతో ప్యాచ్ వేస్తారు.

కాలనీ మునగడానికి రోడ్డు కూడా ఒక కారణం. పాత రోడ్డును గీకకుండా దాని మీదే పొర మీద పొర వేస్తూ పోతే పదేళ్లలో రోడ్డు ఇంటి గడప కంటే ఎత్తవుతుంది. తారు రోడ్డుకు నడిమి నుంచి అంచుకు మీటర్‌కు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి, మోరీ దాని కంటే కిందుండాలి. టేపు రోజు మీరు అక్కడ నిలబడి 'మా గడప ఎత్తు రాసుకోండి సార్' అంటే చాలు. నా సర్వీసులో అట్లా అడిగినవాళ్లు ఇద్దరు ముగ్గురే. అడిగిన చోట నేను రాసుకోక తప్పలేదు.

హంటర్ రోడ్ వాసి · సోమవారం రాత్రి 8:30

సరే సార్. అర్జీ రేపే పెడతా. గడప ఎత్తు సంగతి ఇన్నేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు.

ఆటో తమ్ముడు_కాజీపేట · సోమవారం రాత్రి 9:00

మా కాజీపేట రెండో రైల్వే బ్రిడ్జి ఏళ్లకేళ్లు సాగింది. ఎవరిని అడిగినా 'అది రైల్వే వాళ్లది', 'అది ఆర్ అండ్ బీ వాళ్లది' అనేవాళ్లు. సార్ చెప్పిన ఒకే బల్ల ఉంటే ఆ మాట అనే వీలుండదు. కమిషనర్ గారికి ఉత్తరం రాస్తే నేను కూడా సంతకం పెడతా. మా అడ్డాలో ఇంకో నలభై మంది పెడతారు.

కేయూ సివిల్ · సోమవారం రాత్రి 9:20

ఉత్తరంతో పాటు లెక్క కూడా ఉండాలి. మూడు బస్టాపుల దగ్గర పొద్దున ఎనిమిది నుంచి పది, రాత్రి ఎనిమిది నుంచి పది ఎంతమంది ఎదురుచూస్తున్నారో, ఎన్ని బస్సులు ఆగుతున్నాయో మేము లెక్క పెడతాం. నాతో ఆరుగురు క్లాస్‌మేట్స్ వస్తారు. కండక్టర్ అంకుల్, ఏ స్టాపులు పెట్టుకోవాలి?

రిటైర్డ్ కండక్టర్ · సోమవారం రాత్రి 9:45

అదాలత్, ఎంజీఎం, అక్క చెప్పిన అండర్ బ్రిడ్జి అవతలి స్టాపు. ఎక్కినవాళ్లనే కాదు, ఎదురుచూసి విసిగి ఆటో ఎక్కినవాళ్లను, నడిచి పోయినవాళ్లను కూడా రాయండి. ఆ మనుషుల లెక్క ఏ టిమ్ మిషన్‌లోనూ ఉండదు. చౌరస్తాకు ముందు బస్సు ఆగుతుందా, దాటాక ఆగుతుందా అది కూడా రాయండి. దాటాక ఆగితే సిగ్నల్ దగ్గర వెనక బండ్లు నిలిచిపోవు, దిగినవాళ్లు బస్సు వెనక నుంచి రోడ్డు దాటొచ్చు. ముందు ఆగితే బస్సు ముందు నుంచి పరుగెత్తుతారు, అక్కడే దెబ్బలు తగులుతాయి.

నయీంనగర్ కిరాణం · సోమవారం రాత్రి 10:10

నా రెండడుగుల సంగతి ఆలోచించా. మోరీ స్లాబు 150 మిల్లీమీటర్ల ఎత్తులో సరిగ్గా వేస్తే నా సామాను లోపలికి జరుపుకుంటా. మా వరసలో మిగతా షాపులవాళ్లతో మాట్లాడే పూచీ నాది. మా డివిజన్ ఉత్తరంలో అది రాయండి.

నైట్‌డ్యూటీ అక్క · సోమవారం రాత్రి 11:30

డ్యూటీలో కాస్త తీరిక దొరికితే ఉత్తరం ముసాయిదా రాశా. తప్పులుంటే దిద్దండి.

'గౌరవనీయులైన కమిషనర్ గారికి. మేము ఈ నగరంలో బస్సులో, ఆటోలో, కాలినడకన తిరిగేవాళ్లం. మా డివిజన్లలో వార్డు కమిటీలను చట్టం ప్రకారం మూడు నెలలకొకసారి కూర్చోబెట్టి, తేదీని వారం ముందే వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలని కోరుతున్నాం. కొత్తగా సభ్యులను తీసుకునేటప్పుడు ప్రతి కమిటీలో రోజూ బస్సెక్కేవాళ్లను ముగ్గురిని, వికలాంగులను ఒకరిని, వాన నీళ్లు చేరే గల్లీ నుంచి ఒకరిని తీసుకోవాలి. రోడ్డు, మోరీ, భూగర్భ డ్రైనేజీ పనుల్లో కొలతలు తీసుకునే రోజే కమిటీకి కబురు చేయాలి. పని జరిగినన్నాళ్లు బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుగులో బోర్డు పెట్టాలి, ఆ ఖర్చు ఎస్టిమేట్‌లోనే ఉండాలి. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా బస్సుకు, షేర్ ఆటోకు ఆగే జాగాలు వేర్వేరుగా గీయించాలి. ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసులు, రెండు జిల్లాల అధికారులు, మీరు, మేము ఒకసారి ఒకే చోట కూర్చునే ఏర్పాటు చేయగలరని ప్రార్థన.'

చేతికర్ర · మంగళవారం ఉదయం 7:00

అక్కా, 'వికలాంగులను ఒకరిని' దగ్గర 'ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లు దాటకుండా, మూలల్లో ర్యాంపుతో' అని ఒక వాక్యం కలపండి. మా ఆఫీసులో ప్రింట్ తీసుకోను, బయట తీస్తా. పది కాపీలు నా ఖర్చు.

మడికొండ సార్ · మంగళవారం ఉదయం 7:25

నకళ్లు ఇద్దరు కలెక్టర్లకు, ఆర్టీసీ రీజినల్ మేనేజర్‌కు, ట్రాఫిక్ విభాగానికి పంపాలి. ప్రజావాణిలో (కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు) స్వయంగా ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఆ నంబరు ఇక్కడే పెడితే అందరం దాని మీద అడుగుతూ ఉండొచ్చు. హన్మకొండ కలెక్టరేట్‌కు నేను పోతాను.

కేయూ సివిల్ · మంగళవారం ఉదయం 7:40

లెక్క గురువారం మొదలుపెడుతున్నాం. అండర్ బ్రిడ్జి అవతల పాత స్టాపు గుర్తుపట్టడానికి ఏదైనా చెప్పండి అక్కా.

నైట్‌డ్యూటీ అక్క · మంగళవారం ఉదయం 8:50

వేపచెట్టు కింద విరిగిన సిమెంటు బెంచీ ఉంటుంది తమ్ముడూ, దాని పక్కనే తవ్విన మట్టి కుప్ప. గురువారం నేను నైట్ దిగి ఎనిమిదింబావుకల్లా అక్కడికి వస్తా. నన్ను కూడా లెక్కలో రాసుకో.